అంచు లేని అతుకు

మా అక్క అంటే నా తోడబుట్టినది కాదు. మా ఆయన అన్నగారి భార్య, అంటే నాకు తోడికోడలు. తోడికోడళ్ళ మధ్య ఉండాల్సినవన్నీ మా మధ్య ఉన్నాయి. పొయ్యి దగ్గర పోట్లాడుకున్నాం, బట్టలారేసే తీగ దగ్గర మూతులు తిప్పుకున్నాం, మాటామంతీ లేకుండా వారాలకు వారాలు గడిపాం. కాబట్టి ఆవిడ గురించి నా నోటి నుంచి మంచి మాట వస్తోందంటే అది ఊరికే వచ్చే మాట కాదని ముందే చెప్పి పెడుతున్నాను.

ఆవిడ వలలు బాగుచేసేది. మా వీధి నది ఒడ్డున ఉంటుంది. మగవాళ్ళు చేపలు పట్టేవాళ్ళు, ఆడవాళ్ళు చిరిగిన వలలకు అతుకులు వేసేవాళ్ళు. అక్క వేసిన అతుకు అల్లంత దూరం నుంచే తెలిసిపోయేది. చిరుగు చుట్టూ పాడైన దారమంతా కోసేసి, దాన్ని చక్కని చతురస్రంగా మార్చి, అందులో కొత్త కన్నులు, అంటే వల రంధ్రాలు, అల్లి, చివర్న చుట్టూ జోడు దారంతో అంచు కట్టేది. ఆ అంచు అందం కోసం కాదు. తెల్లవారుజామున మసక వెలుతురులో వల లాగేవాడి వేళ్ళకు ఆ జోడు దారం తగిలితే, ఇక్కడ కొత్త అతుకు ఉంది, మెల్లగా లాగాలి అని తెలుస్తుంది. మా అత్తగారు నేర్పిన పద్ధతి అది. మా ఇంటివాళ్ళు తప్ప ఇంకెవరూ అంచు కట్టరు. అందుకే వీధి వీధంతా ఆవిణ్ణి అంచుల అక్క అనేవారు.

అత్తగారు నాకూ నేర్పబోయింది. నేను వేసిన ముడుల్లో ఒకటి బిగుతు, ఒకటి వదులు, మూడోది ఎటు పోయిందో నాకే తెలియదు. కొన్నాళ్ళు ఓపిక పట్టి చూసి, వలసూది నా చేతిలోంచి లాక్కుని, "నువ్వెళ్ళి టీ పెట్టు తల్లీ" అంది. నేను వెళ్ళి టీ పెట్టాను. ఆ తర్వాత ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనిలో చేరాను. అక్కడ మిషన్లే ఉతుకుతాయి, మనం మడతపెడితే చాలు. ఇంట్లో నేను పెట్టిన మడతలు మాత్రం అక్క కంటపడితే మళ్ళీ విప్పి పెట్టేది. నా ఇంటికొచ్చి, నా తీగ మీద నేను ఆరేసుకున్న తువ్వాళ్ళను కొసకు కొస కలిపి సర్ది వెళ్ళేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

యుద్ధం ఎవరు మొదలుపెట్టారు, ఎవరిది న్యాయం అని నన్నడక్కండి. నాకు తెలిసిందల్లా నది అవతలి ఒడ్డు మాకు కాకుండా పోయిందని. మొదట్లో ఫిరంగులు మోగేవి. వాటికి అలవాటు పడ్డామంటే మీరు నమ్మరు గానీ, పడ్డాం. ఆ తర్వాత డ్రోన్లు వచ్చాయి. చెవి దగ్గర రొద పెడతాయి కాబట్టి వాటిని జోరీగలన్నాం. ఫిరంగి గుండు ఊరిని చూసి వస్తుంది, జోరీగ నిన్ను చూసి వస్తుంది. ఆ తేడా ఏమిటో అది నెత్తి మీద తిరుగుతుంటే గానీ తెలియదు.

మొదటి జోరీగలను అవతలి ఒడ్డున ఎవడో తెర ముందు కూర్చుని నడిపేవాడు. వాడికీ దానికీ మధ్య సిగ్నల్ తెంపే పరికరాలు మనవాళ్ళు పెట్టారు. అప్పుడవి దారి తప్పి పొలాల్లో పడేవి. మా అందరి జేబుల్లోనూ చిన్న చిన్న పెట్టెలుండేవి. జోరీగ సిగ్నల్ దగ్గరలో ఉంటే కీచుమని అరిచేవి. హమ్మయ్య అనుకున్నాం. కొన్నాళ్ళకు పెట్టెలు అరవడం మానేశాయి, జోరీగలు రావడం మాత్రం మానలేదు. కొత్తవాటికి నడిపేవాడు అక్కర్లేదట. బండి ఎలా ఉంటుందో, మనిషి ఎలా ఉంటాడో, రోడ్డు ఎలా ఉంటుందో లెక్కలేనన్ని బొమ్మలు చూపించి, నేర్పించి వదిలేస్తారట. అదే వెతుక్కుంటుంది, అదే ఎంచుకుంటుంది, అదే వచ్చి పడుతుంది. ఈ ముక్క మొదటిసారి విన్నప్పుడు నేను కొట్టిపారేశాను. మా ఉతికే మిషనుకు తన తలుపు పడిందో లేదో కూడా తెలియదు, యంత్రానికి అంత తెలివెక్కడిది అన్నాను.

నదిలో పడవ కనిపిస్తే చాలు పేల్చేస్తున్నారు కాబట్టి వేట ఆగిపోయింది. వలలన్నీ ఇళ్ళ ముందు గుట్టలుగా పడి ఉన్నాయి. అప్పుడే దిగువ పేటల నుంచి ఆసుపత్రికి వచ్చే రోడ్డు మీద వలలు కట్టాలని నగర కార్యాలయం వాళ్ళకు తోచింది. రోడ్డుకు రెండు వైపులా స్తంభాలు పాతి, ఇనుప తీగలు లాగి, వాటి మీదుగా వలలు పరిచారు. పక్కలకు కూడా వేలాడదీశారు. జోరీగ వచ్చి పడితే దాని రెక్కలు కన్నుల్లో చిక్కుకుపోతాయి. యుద్ధం అంత కొత్తది, దానికి అడ్డు ఇంత పాతది. మొట్టమొదట వలలిచ్చింది మా అక్క. బావగారు యుద్ధానికి ముందే గుండెపోటుతో పోయారు. ఆయన వాడిన వలలన్నీ తీసి ఇచ్చేసింది.

ఎందుకిచ్చిందో అందరికీ తెలుసు. అక్కకున్నది ఒక్కతే కూతురు. పొడుగ్గా, సన్నగా ఉంటుందని బావగారు దాన్ని తెడ్డు అని పిలిచేవారు, మేమూ అదే పిలుస్తాం. తెడ్డు ఆసుపత్రి అంబులెన్సు నడుపుతుంది. దిగువ పేటల నుంచి దెబ్బలు తగిలినవాళ్ళను, జబ్బు పడ్డవాళ్ళను రోజూ ఆ రోడ్డు మీదే తీసుకొస్తుంది. అక్క ఒకే ఒక్కసారి అడిగింది, నేను అక్కడే ఉన్నాను.

"ఆ పని మానెయ్యవే."

"నేను మానేస్తే బండి ఆగదు కదమ్మా. ఇంకెవరి కూతురో నడుపుతుంది."

అక్క మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు నిచ్చెన భుజాన వేసుకుని రోడ్డు మీదికి వెళ్ళింది.

వల కింద అక్క పని చేస్తుంటే చూడాలి. నడుముకు దారపు ఉండలు, నోట్లో వలసూది, తల ఎప్పుడూ పైకే. ఎక్కడ కన్ను తెగినా ఆ పూట గడవకముందే అతుకు పడాలి. మిగతా ఆడవాళ్ళు తొందరలో ఏదో ముడేసి దిగిపోతే, వెనకాలే ఎక్కి విప్పి మళ్ళీ కట్టేది. వాళ్ళు నాతో మొరపెట్టుకునేవారు. నేను పాతికేళ్ళుగా పడుతున్నాను, మీరూ పడండి అన్నాను.

వలలో మొదటి జోరీగ చిక్కిన రోజు ఊరంతా చూడ్డానికి వచ్చింది. రెక్కలు మెలిపడి, పొట్ట కింద బాంబుతో తలకిందులుగా వేలాడుతోంది. వాటిని దింపే పని ఒక అమ్మాయిది. ఎప్పుడూ మరలు విప్పుతూ ఉంటుంది కాబట్టి నేను మరల అమ్మాయి అని పేరు పెట్టాను. పొడుగు కర్రతో దాన్ని జాగ్రత్తగా దింపి, బాంబు తీసేసి, మూతబడ్డ బడిలోని సైన్సు గదికి పట్టుకెళ్ళి, లోపల ఏముందో, దానికి ఏం నేర్పారో చూస్తుంది. ఆ రోజు అందరూ జోరీగను చూస్తుంటే, అక్క ముడులను చూసింది. "జారలేదు" అంది. ఆ మొహంలో వెలుగు పెళ్ళినాడు కూడా చూడలేదని మా ఆయన అన్నారు.

తర్వాత పిండిమర మలుపు దగ్గర కష్టం మొదలైంది. రోడ్డు అక్కడ వంపు తిరుగుతుంది, ఏ బండైనా నెమ్మదించక తప్పదు. ఒక జోరీగ వచ్చి వల మీద పేలి కన్నం చేసింది, దాని వెనకాలే వచ్చిన రెండోది ఆ కన్నంలోంచి దూరింది. కింద వెళ్తున్న పాలబండి అబ్బాయి చనిపోయాడు. అక్క ఆ పూటే కన్నానికి అతుకేసి, జోడు దారంతో అంచు కట్టింది. కొన్నాళ్ళకు సరిగ్గా ఆ అతుకు మీదే మళ్ళీ వచ్చి పడ్డాయి. ఈసారి ఇంకా మంచి దారంతో, ఇంకా దగ్గర ముడులతో వేసింది. మళ్ళీ అక్కడే. మూడోసారి కింద ఉన్నది తెడ్డు బండి. లోపల రోగి లేడు. వెనక అద్దం పగిలి పొడి పొడైంది. తెడ్డు ఆసుపత్రి ఆవరణలో దిగి, తల దులుపుకుని, "పిన్నీ, దువ్వెన ఉందా" అని నవ్వింది. అక్క ఆ జుట్టులోంచి అద్దం పెంకులు ఒక్కొక్కటీ ఏరింది.

"నా ముడుల్లోనే ఏదో లోపముంది" అని ఆ రోజంతా గొణుగుతూనే ఉంది. ముద్ద మింగలేదు.

మరల అమ్మాయి మా ఇద్దరినీ బడికి రమ్మని కబురు చేసింది. సైన్సు గదిలో గాజు సీసాలు ఇంకా అల్మరాలోనే ఉన్నాయి. బల్లల మీద మాత్రం విప్పిన జోరీగల ముక్కలు పరిచి ఉన్నాయి. వాటిలో ఒకదాని కెమెరా పగలకుండా దొరికిందట. అది చూసినదంతా తెర మీద వేసి చూపించింది. పై నుంచి మా రోడ్డు. పొడుగ్గా, బూడిద రంగులో, ఎవరిదో పాత మేజోడు పరిచినట్టుంది. దాని మీద అక్కడక్కడ ఎర్రటి గళ్ళు వాటంతటవే పడుతున్నాయి.

"ఈ ఎర్ర గళ్ళేమిటమ్మాయ్?" అంది అక్క.

"అది ఎంచుకున్న చోట్లు. ఇక్కడ పడితే లాభం అని దానికి తోచినవి."

అక్క తెర దగ్గరగా వంగింది. చాలాసేపు చూసింది.

"ఇవన్నీ నా అతుకులు."

"అవునమ్మా" అంది మరల అమ్మాయి. ఆ పిల్ల మంచిది, గొంతు తగ్గించి చెప్పింది. "వల తెగేది బండ్లు నెమ్మదించే చోట. తెగిన చోట మీ అతుకు పడుతుంది. అక్కడ తీగలు కూడా ఒకసారి దెబ్బతిని ఉంటాయి. ఇదంతా దానికి ఎవరూ చెప్పలేదు, బొమ్మలు చూసి చూసి అదే పట్టింది. ఊళ్ళో అందరి అతుకులూ వల రంగులో కలిసిపోతాయి. మీవి మాత్రం నాలుగు వైపులా గీత గీసినట్టు ఉంటాయి."

"దానికి నా అంచు తెలుసా?"

"మీరెవరో తెలియదు. వల అంటే ఏమిటో కూడా తెలియదు. ఎప్పుడూ ఒకేలా ఉండేది ఏదైనా ఉంటే దాన్ని పట్టుకుంటుంది. మనిషిని వెతకడం కష్టమమ్మా. మనిషి అలవాటును వెతకడం తేలిక."

అక్క తెర దగ్గర నుంచి వెనక్కి జరిగింది. "అయితే పాలబండి అబ్బాయి..." అని ఆగిపోయింది. మొదటి దెబ్బకు అక్కడ అతుకే లేదమ్మా, అది మీ వల్ల కాదు, దాన్ని పంపినవాళ్ళ వల్ల అని ఆ పిల్ల రెండు మూడు సార్లు చెప్పింది. అక్క విన్నట్టు లేదు. నేను చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. పోట్లాడినా, ఏం చేసినా, ఆ చేతులంటే మా ఇంటి పరువు కదా.

అక్క తలెత్తింది. "అంచు లేకపోతే?"

"కనిపించదు. కనిపించినా ఏది చిరుగో, ఏది అతుకో దానికి తేడా తెలియదు."

"బండ్లు నెమ్మదించని చోట అంచులుంటే?"

మరల అమ్మాయి ఆవిడ వైపు కళ్ళార్పకుండా చూసింది. తను అడగబోయేది ఆవిడే అనేసింది మరి. "అక్కడికి వెళ్ళి పడతాయి" అంది. "ఎల్లకాలం కాదు. కొన్నాళ్ళకు ఈ మోసం కూడా నేర్చుకుంటాయి. అప్పుడు మనం ఇంకోలా కట్టాలి. ఒక్క మాటమ్మా, ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉండాలి. డ్రైవర్లకు అసలు తెలియకూడదు. వాళ్ళు రేడియోలో మాట్లాడుకునేవన్నీ అవతలి ఒడ్డున వింటున్నారు."

"మా తెడ్డుకు కూడానా?" అన్నాను నేను.

"ముఖ్యంగా ఆవిడకు. రోజంతా రేడియోలోనే ఉంటుంది కదా."

అక్క సరేనంది. అక్క మాటిస్తే గోడకు కొట్టిన మేకు లాంటిది, ఇక కదలదు.

మర్నాడు వాకిట్లో పాత వల ముక్క వేసుకుని కూర్చుంది. అడ్డదిడ్డంగా కట్టాలని మొదలుపెట్టేది, నాలుగు కన్నులు అయ్యేసరికి చేతులు వాటంతటవే సమంగా నడిచేవి. విప్పేది. మళ్ళీ మొదలుపెట్టేది. మళ్ళీ చక్కగా వచ్చేది. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. చివరికి లేచి నేరుగా మా ఇంట్లోకి వచ్చింది.

"నువ్వెలా కడతావో చూపించు" అంది.

"ఎగతాళా అక్కా?"

"కాదే. నీకు చక్కగా రాదు కదా. అదెలా రాదో నాకు చెప్పు."

కోప్పడాలో నవ్వాలో నాకు తెలియలేదు. కొత్తకోడలిగా ఉన్నప్పుడు నా చేతిలోంచి పోయిన వలసూదిని, అంచుల అక్క స్వయంగా తెచ్చి నా చేతిలో పెట్టింది. కట్టాను. నా ధోరణిలో నేను కట్టాను. ఆవిడ కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసింది.

"ఇప్పుడు ఇటెందుకు తిప్పావు?"

"ఎందుకేముంది, చెయ్యి అటు పోయింది."

"ముందు ఏమనుకుని మొదలుపెట్టావు?"

"ఏమీ అనుకోనక్కా. చేతికొచ్చింది కడతాను, మనసు టీ మీద ఉంటుంది."

అక్క తల ఊపింది. ఎన్ని చెప్పినా కళ్ళు తెరిచి ఉంటే ఆవిడకు తప్పు ముడి పడడంలేదు. అందుకని కళ్ళు మూసుకుని కట్టడం మొదలుపెట్టింది. అప్పుడు కుదిరింది. యాభై దాటిన మనిషి, తనకొచ్చిన విద్యను తనే మరిచిపోవడానికి అలా కళ్ళు మూసుకుని కూర్చుంటే, నా లోపల ఏదో కరిగిపోయింది. విద్య నేర్చుకున్నవాళ్ళను ఎందరినో చూశాను. వచ్చిన విద్యను పక్కన పెట్టగలిగినదాన్ని ఈవిడొక్కదాన్నే చూశాను.

మంచి అతుకులన్నీ ఇటుక బట్టీ పక్కన వేసింది. అక్కడ రోడ్డు తిన్నగా ఉంటుంది, బండ్లు రివ్వున పోతాయి, చుట్టుపక్కల ఇల్లు లేదు, బట్టీ ఎప్పుడో మూతబడింది. అయినా ప్రతి అతుకుకూ ముందు కింద అంతా కలయదిరిగి, నీడకు ఎవరైనా కూర్చుంటారేమోనని చూసి, కంచెకు తాళం వేయించిన తర్వాతే నిచ్చెన ఎక్కేది. చావు పడే చోటు నేను చూపిస్తున్నాను, ఆ చోట ఎవరూ ఉండకూడదు అనేది. చిరగని వలను కోసి మరీ అతుకు వేసి, అంచు కట్టేది. ఆ అంచులు ఆవిడ జన్మలో కట్టినవాటిలోకెల్లా గొప్పవి. వాటిని చూసి మెచ్చుకోవడానికి జోరీగలు తప్ప ఎవరూ లేరు.

మలుపు దగ్గర మాత్రం, అందరూ చూసే చోట, నా మార్కు అతుకులు పడ్డాయి. ఇక వీధికి నోళ్ళు లేచాయి. పాపం, అంచుల అక్క చేతులు పట్టు తప్పాయట. కూతురి బండి మీద పడ్డప్పటి నుంచీ అంతేనట, బెంగట. ఒకావిడ పూతమందు తెచ్చిచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరి ముడులు ఆవిడ విప్పి కట్టిందో వాళ్ళే ఇప్పుడు ఆవిడ వెనకాల నిచ్చెన ఎక్కి సరిచేయబోతే, "పరవాలేదు, ఉండనివ్వండి" అని బతిమాలుకునేది. బతిమాలడం ఎరగని మనిషి. అందరికీ ఒకటే జవాబు, "వయసు మీద పడింది కదా." నాకు తల కొట్టేసినట్టుండేది.

"చెప్పేస్తానక్కా. వినలేకపోతున్నాను."

"నీ మీదొట్టు, నోరెత్తావంటే ఊరుకోను" అనేది. తన మీద ఒట్టు పెట్టుకోదు, నా మీదే.

తెడ్డు సంగతే అన్నిటికన్నా కష్టం. అది ఆసుపత్రిలో డాక్టరును వెంటపెట్టుకొచ్చి తల్లి చేతులు చూపించింది. అక్క అవి వణుకుతున్నట్టు నటించింది కూడా. తర్వాత తెడ్డు ఉతికే గదిలోకి వచ్చి నన్ను అడిగింది, "పిన్నీ, నిజం చెప్పు, రాత్రిళ్ళు చేతులు నొప్పులంటోందా? నా ఉద్యోగం వల్లే అమ్మ ఇలా అయిపోయిందా?" మింగలేక కక్కలేక నేను దుప్పటి మడతపెట్టుకున్నాను. అది చూసి, "నువ్వు కూడా దాస్తున్నావు" అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఇటుక బట్టీ దగ్గర మాత్రం జోరీగలు పడుతూనే ఉన్నాయి. ఖాళీ రోడ్డు మీద, ఖాళీ నీడ మీద. మలుపు మీద ఒక్కటి పడలేదు. అక్క వెళ్ళి బట్టీ దగ్గర మళ్ళీ అంచులు కట్టి వచ్చేది.

అప్పుడు ఒకరోజు బాగా మబ్బు పట్టింది. మబ్బుంటే జోరీగలు రావు. ఆ రోజు తెడ్డుకు సెలవు. అక్క బట్టీ దగ్గర ఉంది, నేను పనిలో ఉన్నాను. తెడ్డు, వాళ్ళమ్మ వలసూదులలో ఒకటి తీసుకుని, నిచ్చెన వేసుకుని, మలుపు దగ్గర అతుకును పూర్తిగా విప్పేసి, కొత్తగా వేసింది. తల్లి పరువు ఊళ్ళో పోతుంటే చూడలేకపోయింది. ఎవరూ చెప్పకుండా, ఎవరికీ చెప్పకుండా, చిన్నప్పుడు తల్లి ఒళ్ళో కూర్చుని నేర్చుకున్నట్టే వేసింది. చుట్టూ జోడు దారంతో అంచు కట్టింది. మర్నాడు ఏమీ ఎరగనట్టు డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఆకాశం కడిగినట్టుంది. పొద్దున్నే నేనూ అక్కా కలిసి రోడ్డు మీద నడుస్తున్నాం. మలుపు దగ్గరకు రాగానే అక్క ఆగిపోయింది. నేనూ తలెత్తి చూశాను. నీలాకాశం మీద ఎవరో కొలబద్ద పెట్టి గీసినట్టు చతురస్రం.

"ఎవరు కట్టారక్కా ఇది?"

"అత్తగారు పోయాక ఇలా కట్టడం వచ్చినవాళ్ళం ఇద్దరమే ఉన్నాం" అంది అక్క.

తెడ్డు అప్పటికే దిగువ పేటకు వెళ్ళింది. కాలు నలిగిన తాపీ మేస్త్రీని తీసుకుని ఏ క్షణానైనా ఈ మలుపు తిరుగుతుంది. పెట్టెలు అరవవు, మనకున్నవి చెవులే. నేను చెవులు రిక్కించాను. ఎక్కడో దూరంగా మొదలైంది ఆ రొద.

"రేడియోలో ఆగమని చెప్పిద్దాం" అన్నాను.

"ఎందుకు ఆగాలో కూడా చెప్పాలి అప్పుడు. దిగువన వల లేని చోట ఆగితే ఇంకా ప్రమాదం. నిచ్చెన పట్టుకో."

"అక్కా, అది వచ్చేస్తోంది. వద్దు."

"పట్టుకోమన్నానా."

పట్టుకున్నాను. ఆవిడ పైకెక్కి కత్తి తీసింది. మొదట అంచు మీద వేళ్ళు పెట్టి ఒక్కసారి తడిమింది. నేను చూశాను. ఆ తర్వాత కోసింది. ఒక వైపు, రెండో వైపు, మూడో వైపు. కూతురు కట్టిన ముడులు గట్టివి, తేలిగ్గా తెగలేదు, దారం వేళ్ళను కోసింది. వదులైన వలను గుప్పిళ్ళతో దగ్గరికి లాగి, కళ్ళు మూసుకుని, చేతికి తోచినట్టు ఎక్కడివక్కడ కట్టేసింది. రొద నెత్తి మీదికి వచ్చింది. నాకు నిచ్చెన వదిలేసి పరిగెత్తాలనిపించింది, ఇంకా గట్టిగా పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే మలుపు అవతల అంబులెన్సు కనిపించింది. తెడ్డు అద్దంలోంచి నోరు తెరుచుకుని తల్లి వైపు చూస్తోంది, బండి నెమ్మదిస్తోంది.

"ఆగకు, పో" అని అక్క పై నుంచి కేక పెట్టింది. ఆ గొంతుకు తెడ్డు చిన్నప్పుడెలా భయపడేదో ఇప్పుడూ అలాగే భయపడింది. బండి మా పక్క నుంచి దూసుకుపోయింది.

జోరీగ మా మీద ఒక చుట్టు తిరిగింది. దాని నీడ వల మీద పాకడం చూశాను. తర్వాత రొద పలచబడింది. ఇటుక బట్టీ వైపు నుంచి పేలుడు వినిపించింది. అంచు కనబడక వెళ్ళిందో, దానికి ఇంకేం తోచి వెళ్ళిందో నేను చెప్పలేను. మరల అమ్మాయి కూడా చెప్పలేనంది. అక్క నిచ్చెన దిగి, నీళ్ళు అడిగి తాగి, "పద, మేస్త్రీ ఎలా ఉన్నాడో చూద్దాం" అంది.

ఆసుపత్రి ఆవరణలో తెడ్డు బండికి ఆనుకుని నిలబడి ఉంది. మేస్త్రీని లోపలికి తీసుకెళ్ళారు. మమ్మల్ని చూడగానే ఎదురొచ్చింది.

"నీకు సాయంగా ఉంటుందని కట్టానమ్మా. నలుగురూ నాలుగు రకాలుగా అంటుంటే వినలేకపోయాను. పొద్దున్నే వెళ్ళి, జోరీగ నెత్తి మీద ఉండగా, కోసెయ్యాలా? అంత చెడ్డగా కట్టానా?"

అక్క నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను. చెప్పాలో వద్దో తేల్చుకోవాల్సింది ఆవిడే. బండిలో రేడియో ఏదో గొణుగుతోంది. అక్క చెయ్యి లోపలికి పోనిచ్చి దాన్ని ఆపేసింది.

"చెడ్డగానా? మీ నాయనమ్మ కూడా అంత బాగా కట్టలేదు" అంది. "అందుకే కోసేశాను."

తర్వాత అంతా చెప్పింది, ఎర్ర గళ్ళ దగ్గర నుంచి ఇటుక బట్టీ దాకా, ఒక్కటీ దాచకుండా. అంతా విన్నాక తెడ్డు ఆవిడ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, దారం కోసిన గీతలను తుడిచి, వేళ్ళను ఒక్కొక్కటే వంచి, చాచి, తిప్పి తిప్పి చూసింది. వాటికి ఏ జబ్బూ లేదు.